పద్నాలుగో అంగ

మా విజిల్ సార్ మెడలో ఈల లేకుండా నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళిపీటల మీద కూడా అది మెడలోనే ఉందని వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఇరవై ఆరేళ్ళుగా యూనివర్సిటీలో వ్యాయామ విద్య చెబుతున్నాడు. ఆటసామాన్ల గది తాళాలు నావి, మైదానం ఆయనది. చెట్టంత మగపిల్లలు కూడా ఆ ఈల వినబడితే బూట్లు వెతుక్కునేవారు.

జబ్బు భయంతో యూనివర్సిటీ మూతపడిన ఏడాది ఆ ఈలకి పనిలేకుండా పోయింది. పరీక్షలు వాయిదా, తెరవడం వాయిదా, వాయిదా వేసిన తేదీ కూడా వాయిదా. పై ఆఫీసు మాత్రం ఊరుకోలేదు. పిల్లలందరూ ఇళ్ళలోనే వ్యాయామం చేసి, రోజూ ఫోన్లో వివరం పంపాలని కాగితం తీసింది. గట్టున కూర్చుని ఎన్ని మాటలైనా చెప్పొచ్చు.

రెండు వందల నలభైమంది పంపేవారు. ఒకడు దండీలు తీస్తున్న ఫొటో నెలరోజులూ పంపాడు, వెనక గోడ మీది క్యాలెండర్లో తేదీ మాత్రం మారదు. ఒకమ్మాయి మేనల్లుడి ఉయ్యాలకి ఫోన్ కట్టి, పదివేల అడుగులు నడిచానని చూపించింది. సార్ అందరికీ మార్కులు వేశాడు. "ఏం చెయ్యమంటావయ్యా? ఇళ్ళకెళ్ళి కాళ్ళు కొలవలేను కదా" అనేవాడు.

నాకు తెలిసి ఉన్నదున్నట్టు పంపింది ఒక్కతే. సన్నగా రివటలా ఉంటుంది, నాలుగు వందల మీటర్లు పరుగెత్తుతుంది. అదే ఆఖరి ఏడాది. మూతపడకముందు అరవై ఒక్క సెకన్లలో చుట్టు పూర్తి చేసింది. సెలక్షన్లలో అరవై రెండులోపు వస్తే యూనివర్సిటీ జట్టులో చోటు. జట్టులో పరుగెత్తిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామం మాస్టర్ల శిక్షణలో సీటు. ఆ పిల్లకి అది తప్ప వేరే కోరిక లేదు. "మీ ఉద్యోగం నాకిచ్చేసి మీరు రిటైరవ్వండి సార్" అని ఆయన్నే ఆటపట్టించేది.

"ఎక్కడ పరుగెత్తను సార్?" అని ఫోన్ చేస్తే, "డాబా ఉందిగా? రోజూ గంటసేపు. ఒక్కరోజు మానినా నాకు తెలిసిపోతుంది" అన్నాడు సార్. నేను పక్కనే ఉన్నాను. నాకూ మంచి సలహాలాగే అనిపించింది. కింది వాటాలో ఇల్లుగలావిడ "మా నెత్తిన గుర్రాన్ని కట్టేశావా తల్లీ?" అని తిట్టిపోసినా, ఎండకి కాళ్ళు బొబ్బలెక్కినా ఆ పిల్ల తొమ్మిది నెలలు మానలేదు.

సెలక్షన్లకి ఎనిమిది రోజుల ముందు మైదానం తెరిచారు. నేను గడ్డి కోయించి సున్నం గీతలు గీయించాను. ఆ పిల్ల మొదటి పరుగు చూడగానే సార్ కనుబొమలు ముడిపడ్డాయి. వేగం అందుకోగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు తగ్గుతోంది. మళ్ళీ అందుకుంటోంది, మళ్ళీ తగ్గుతోంది.

"ఎందుకాగుతున్నావు?" అన్నాడు సార్.

"నేనా? ఆగట్లేదు సార్!"

నిజంగానే ఆ పిల్లకి తెలియదు. మూడోరోజు ఆయన వేళ్ళు మడిచి అంగలు లెక్కపెట్టాడు. సరిగ్గా పద్నాలుగు, ఒక తగ్గు. మళ్ళీ పద్నాలుగు.

"అమ్మాయ్, మీ డాబా ఎంత పొడుగు?"

"పద్నాలుగు అంగలు సార్. తర్వాత పిట్టగోడే. తిరక్కపోతే వీధిలో పడతాను" అని నవ్వింది.

సార్ నవ్వలేదు. నా వైపు చూశాడు. అబద్ధాలు పంపినవాళ్ళు కాస్త లావెక్కారు, అంతే. చెప్పినమాట విన్న పిల్ల కాళ్ళు మాత్రం లేని గోడకి భయపడుతున్నాయి.

మిగిలిన ఐదు రోజులూ ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. యాభై ఆరేళ్ళ మోకాళ్ళతో పక్కన పరుగెత్తాడు. పాట పాడుతూ పరుగెత్తమన్నాడు. సరిగ్గా తగ్గే చోట ఈల ఊదాడు. అది మరీ ఘోరం, ఆ పిల్ల పూర్తిగా నిలబడిపోయింది. ఇంకొక్క నెల వాయిదా వెయ్యండని పై ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఏడాదంతా వాయిదాలతో చంపినవాళ్ళకి ఈ ఒక్క తేదీ మాత్రం శిలాశాసనమైంది. ఒళ్ళు మండిపోయింది నాకు, కానీ తాళాలవాడి మాట ఎవడు వింటాడు?

అసలు కారణం ఆ పిల్లకి చెప్పలేదు. "చెబితే లెక్కపెట్టుకుంటూ పరుగెత్తుతుందయ్యా, ఇంకా పాడవుతుంది" అన్నాడు. అది సగం నిజం. మిగతా సగం నాకు తెలుసు, అందుకే అడగలేదు.

సెలక్షన్ రోజు మూడు స్టాప్‌వాచీలు పెట్టారు. మూడింటిలోనూ అరవై మూడే.

ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తిన్నగా సార్ దగ్గరికొచ్చి నిలబడింది.

"మీరు చెప్పినట్టే చేశాను సార్. ఒక్కరోజు కూడా మానలేదు. ఎక్కడ తప్పు చేశాను? చెప్పండి సార్, మళ్ళీ చెయ్యను."

సార్ మెడలోని ఈలని గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"బాబాయ్, నువ్వైనా చెప్పు."

నేను వాచీలు పెట్టెలో సర్దుతూ ఉండిపోయాను, తల ఎత్తలేదు.