నల్ల స్వెటర్‌లో ముడి

డిసెంబరు రెండో శనివారం పొద్దున ఆరు దాటాక, పద్మావతమ్మ గేటు తీసుకుని బయటికి వచ్చి దీవెన చేతిలో ఒక నల్ల స్వెటర్ పెట్టింది.

"నీకే. చలికి వేసుకో," అంది. మరో మాటకు చోటివ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది. గేటు గడియ పడిన చప్పుడు మంచులో కాసేపు అలాగే నిలబడింది.

దీవెన చీపురు గోడకు ఆనించి స్వెటర్ వంక చూసింది. కొత్తది. చేత్తో అల్లింది. ఎంత వెతికినా ఇంకో రంగు పోగు లేదు. పైగా శనివారం.

ఉప్పల్ రింగ్‌రోడ్డు వెనక నుంచి నాచారం వైపు సాగే ఆరు గల్లీలు దీవెనవి. పదకొండేళ్ళుగా ఊడుస్తోంది. మనుషులు తమ మీంచి దులుపుకున్నవన్నీ చివరికి తన చీపురు కిందికే వస్తాయని ఆమెకు తెలుసు. అమావాస్య మర్నాడు కుంకుమ పూసిన గుమ్మడికాయ పెచ్చులు. చౌరస్తాలో నిమ్మచెక్కలు. శనివారాల్లో నువ్వులు, నూనె మరకలు, నల్లగుడ్డ పీలికలు. శని పట్టిందని పంతులు చెప్తే కొందరు నల్లబట్ట ఎవరికో దానం చేస్తారు. తీసుకున్నవాళ్ళ వెంట ఆ శని కూడా నడిచి వెళ్ళిపోతుందట. దీవెన చర్చికి పోయే మనిషి, ఇవేవీ నమ్మదు. నమ్మకపోయినా నిమ్మచెక్కల్ని మాత్రం చేత్తో తీయదు.

ఇంకోటి కూడా ఉంది. పది రోజులుగా పద్మావతమ్మ కిటికీ దగ్గర కూర్చుని తననే చూస్తోంది. ఊరికే చూడటం కాదు, పెదవులు కదుపుతూ చూస్తోంది. ఒళ్ళో ఏముందో కిటికీ గోడ కనబడనివ్వలేదు.

స్వెటర్‌ను అక్కడికక్కడే చెత్తబండిలో పడేసేదే. ఛాతీ ఒప్పుకోలేదు.

పోయిన చలికాలం నిమ్ము చేసి మూడు వారాలు మంచంలో ఉంది. "ఇంకోసారి ఇలా వస్తే ఊపిరితిత్తులు తట్టుకోవు," అంది దవాఖానా డాక్టరమ్మ. "ఇంకోసారి మంచం పడితే నీ గల్లీలు వేరేటోళ్ళకు ఇస్త," అన్నాడు సూపర్‌వైజర్. ఇద్దరూ ఒక్కమాటే చెప్పినట్టు వినబడింది ఆమెకు.

అప్పట్నుంచి ఒంటికి సరిపడే బట్ట కోసం వెతుకుతూనే ఉంది. భర్త శామ్యూల్ రెగ్జిన్ జాకెట్ వేసుకుంటే చేతులు భుజాల దగ్గరే ఆగిపోతాయి, పొడుగు కర్ర చీపురు సగం దూరమే తిరుగుతుంది. ఫుట్‌పాత్ మీద కొన్న స్వెటర్ వంగినప్పుడల్లా వీపు మీదికి పాకి, నడుమును చలికి అప్పజెప్పేది. రెండు చొక్కాల మీద కోటు తొడిగితే అరగంటలో చెమట పట్టేది. ఆ చెమటే చల్లారి ఒంటికి తడిగుడ్డలా అతుక్కునేది. పోయినేడు నిమ్ము వచ్చింది కూడా ఇలాగే. చలిలో పనిచేసే మనిషికి బట్ట వెచ్చగా ఉంటే చాలదు, చెయ్యి ఎటు పోతే అటు రావాలి. అలాంటిది ఆమెకు ఏ దుకాణంలోనూ దొరకలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి శామ్యూల్ రెండో షిఫ్టుకు తయారవుతున్నాడు. నాచారంలో లేత్ మెషిన్ మీద పని అతనిది.

"ఎవరిచ్చిన్రు?"

"కిటికీల కూసుంటది సూడు, ఆ ఆంధ్రామె."

"నల్లది. శనారం. గల్లీల ఇంతమంది ఉంటే నీకే." చాయ్ ఊదుకుంటూ నవ్వాడు. "మస్తు ప్రేమున్నట్టుంది నీ మీద."

"నవ్వకు. ఒక్కసారి ఏసుకొని సూస్త."

వేసుకుంది. చీపురు పట్టుకున్నట్టు చేతులు చాపి అటూ ఇటూ ఊపింది. ఎక్కడా పట్టేయలేదు. వంగింది. వెనక భాగం జానెడు పొడుగుంది, నడుము మీంచి కదల్లేదు. చంకల కింద చెరో ముక్క వదులుగా అల్లి ఉంది, చెయ్యెత్తితే అది రెక్కలా విచ్చుకుంటోంది. తన ఒళ్ళు ఎక్కడ ఎంత వంగుతుందో దానికి ముందే తెలిసినట్టుంది.

సంతోషం రావాల్సిన చోట దీవెనకు భయం వేసింది.

"కొలత తీసుకోలే ఏం లే. నా ఒళ్ళు ఆమెకెట్ల తెల్సు?" అంది. మళ్ళీ చెయ్యెత్తి ఆగింది. "కుడి సంకల ఏందో గట్టిగ తగుల్తుంది."

శామ్యూల్ వచ్చి వేళ్ళతో తడిమాడు. శనగగింజంత గట్టిగా ఏదో ఉంది.

"తాయెత్తు గిట్ల పెట్టి అల్లిందేమో," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

దీవెన అతని గడ్డం బ్లేడు తెచ్చి, గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, ఆ గింజను కోసేసింది. లోపల ఏమీ లేదు. ఉన్నదంతా ఊలే. వేలితో కాస్త లాగేసరికి ఒక కుట్టు జారింది, దాని వెనకే ఇంకోటి. చూస్తుండగానే చంక కింది ముక్క నిచ్చెన మెట్లలా విడిపోయి, అరచెయ్యి పట్టేంత కన్నమైంది.

సోమవారం పొద్దున మంచు దిగి నాచారం ఫ్యాక్టరీల వాసనను నేలకు అదిమిపెట్టింది. దీవెన మళ్ళీ రెగ్జిన్ జాకెట్‌లోనే వచ్చింది. రెండో గల్లీలో దగ్గు మొదలైంది. పద్మావతమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

గేటు తెరుచుకుంది. "దీవెనా, ఏంటా దగ్గు? స్వెటరేదీ?"

దీవెన బండికి తగిలించిన కవర్లోంచి స్వెటర్ తీసి, కన్నం కనబడేట్టు పట్టుకుంది.

"కోశావా?"

"కోసిన."

"ఎందుకూ?"

"లోపట ఏం పెట్టిన్రో సూద్దామని."

పద్మావతమ్మ మెట్టు మీద కూర్చుంది. "ముడి తల్లీ అది. ఊలు ఉండ అయిపోతే కొత్తది కలిపి ముడేశాను."

"మరి నన్ను సూసుకుంట పెదిమెలు కదిపిన్రు. ఏం సదివిన్రు?"

"చదవడమేంటి, కుట్లు లెక్కపెట్టుకున్నాను. నీ చెయ్యి ఎంత లేస్తుందో చూడటం, అన్ని కుట్లు పెంచడం."

"శనారమే ఎందుకిచ్చిన్రు?"

పద్మావతమ్మ కొంగు సర్దుకుంది. సర్దుకోవాల్సినంత ఏమీ జారలేదు.

"మా ఆయనకి ఏలినాటి శని అన్నారు. నల్ల ఉన్నిబట్ట ఎవరికైనా ఇమ్మన్నారు."

"గట్ల చెప్పుండ్రి."

"కొట్లో కొని ఇచ్చేద్దామనే అనుకున్నా. నువ్వు వంగినప్పుడల్లా నడుం బయటపడేది చూశాక, ఇచ్చేదేదో నీకు పనికొచ్చేది ఇద్దామనిపించింది."

"దాంతోని శనిని గూడ ఇద్దామనిపించింది."

పద్మావతమ్మ చెయ్యి చాపింది. స్వెటర్ ఒళ్ళోకి తీసుకుని జారిన కుట్లను వేలితో తడిమింది. "బాగవుతుంది. కానీ నల్ల ఊలు అయిపోయింది, సాయంత్రం తెప్పిస్తాను."

"ఏరే రంగు లేదా ఇంట్ల?"

"పసుపుంది. కానీ..."

"కానీ ఏంది?"

"మొత్తం నలుపు కాకపోతే దానం కింద రాదు."

"రావద్దనే అంటున్న," అంది దీవెన. ఇంకేదో అనబోయింది కానీ దగ్గు అననివ్వలేదు. గేటు ఊచ పట్టుకుని వంగిపోయింది. జాకెట్ పైకి లేచి నడుము మంచుకు బయటపడింది.

పద్మావతమ్మ ఆ నడుము వంక కాసేపు చూసింది. స్వెటర్ మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. గడియ చప్పుడు కోసం దీవెన చెవి ఒగ్గి నిలబడింది. చప్పుడు రాలేదు. పద్మావతమ్మ పసుపు ఊలు ఉండతో, సూదితో తిరిగి వచ్చింది.

"లోపలికి రా, చలి."

"వద్దు. ఈడనే కూసోండ్రి. ముడి నా ముందలనే ఏయుండ్రి."

పద్మావతమ్మ మెట్టు మీద కూర్చుని పసుపు పోగును నల్ల కుట్టులోకి దూర్చింది. పెదవులు కదలడం మొదలుపెట్టాయి.

"గట్టిగ లెక్కపెట్టుండ్రి," అంది దీవెన.

పద్మావతమ్మ తలెత్తి చూసి, మళ్ళీ వంచుకుంది. "ఒకటి," అంది. "రెండు. మూడు."

దీవెన ఆమె రెండు చేతుల మీంచి చూపు తిప్పలేదు. ఏడో కుట్టు దగ్గర, చూపు అక్కడే ఉంచి, రెగ్జిన్ జాకెట్ జిప్పు కిందికి లాగింది.