ఖరిదాలో రెండో డేగిసా

బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో ఎక్కడెక్కడ తినాలో చెబుతూ ఎవరో కుర్రాళ్ళు పెట్టిన వీడియో చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రేమ్ బజార్‌లో ఎగ్ రోల్ చూపించారు, సరే. ఇందా పేటలో బఠాణీల ఘుగ్ని చూపించారు, అదీ సరే, నేనూ నిలబడి తింటాను, రెండోసారి కూడా అడుగుతాను. ఖరిదా పేటలో మా పిన్ని టిఫిను కొట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ‘మద్రాసీ సాంబారు, కాస్త తియ్యగా భలే ఉంటుంది’ అని లొట్టలు వేశారు. ఎవరయ్యా మద్రాసీ? మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇప్పటికీ మద్రాసీలమే! అది అలవాటైపోయింది, మింగేస్తాను. కానీ పిన్ని కొట్టు పేరు చెప్పి ఆ తియ్యటి సాంబారు ఒక్కటే చూపించడం నేను మింగలేకపోయాను.

పిన్ని నాకు చుట్టమేమీ కాదు. భర్త పోయాక ఇంటి అరుగు మీద ఇడ్లీలు వెయ్యడం మొదలుపెట్టి కొట్టుదాకా వచ్చింది. ఖరిదాలో తెలుగువాళ్ళందరికీ పిన్నే. ఆ కొట్లో మొదటినుంచీ రెండు డేగిసాలు. ఒకటి బెంగాలీ దాదాలకి, చక్కెర వేసిన సాంబారు. రెండోది మాది, ఆవ పెట్టిన చింతపండు పులుసు. మేమూ పులుసులో బెల్లం వేస్తాం, కాదనను. బెల్లం వేరు, చక్కెర వేరు, ఈ విషయంలో నాతో ఎవరూ వాదించకండి. మనిషి ఏ భాషలో ఇడ్లీ అడిగితే దాన్నిబట్టి గరిటె ఆ డేగిసాలోకి వెళ్ళేది. ఆఫీసు అలవాటుకొద్దీ ఒకసారి నేను హిందీలో అడిగేశాను. పిన్ని తల ఎత్తకుండానే చక్కెర సాంబారు పోసింది. తరవాత నా మొహం చూసి, “తెలుగు నోట్లోంచి రాదేటే నీకు?” అని అందరిముందూ చీవాట్లు పెట్టింది.

ఆవిడ వండుతూ రుచి చూడదు. పొయ్యి పైన గోడకున్న దేవుడి పటానికి చూపించకుండా నాలిక మీద వేసుకోవడం ఆవిడ దృష్టిలో మహాపాపం. అంతా ముక్కుతోనే. పులుసు దించి, ఆవముద్ద కలుపుతూ, ఘాటు ముక్కుకి తగలగానే చెయ్యి ఆపేసేది. నేను తిన్నన్నేళ్ళలో ఒక్కనాడూ తేడా రాలేదు.

మా అత్తగారి ఆపరేషనుతో, ఆ తరవాతి తిరుగుళ్ళతో నేను చాలా నెలలు అటు వెళ్ళలేకపోయాను. వీడియో చూశాక ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. కొట్టు నిండా జనం. డేగిసా ఒక్కటే ఉంది. పొయ్యి దగ్గర పిన్ని కోడలు నిలబడి ఉంది. పిన్ని వెనకాల పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది.

“మన పులుసేదే?” అన్నాను కోడలితో.

“మానేసినాం వొదినా. ఎవుళూ అడగట్నేదు,” అంది తల ఎత్తకుండా.

నాకు నోరు పట్టుకోవడం చేతకాదు. “ఎవుళూ అడగట్నేదా? నానేటి, మనిసిని కానా? మీ అత్త సేత్తో నిలబెట్టిన కొట్టే ఇది! ఈడియోలోళ్ళ కోసం సెక్కెర కొట్టు సేసేస్తావా? ఆవిడ్ని మూలన కూకోబెట్టి కొబ్బరి కోరిస్తావా? సిగ్గు నేదటే నీకు?”

ఇడ్లీలు తింటున్నవాళ్ళు తినడం ఆపేశారు. కోడలు దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “నీకు దండం పెడతాను వొదినా, ఊరుకో. తరవాత సెప్తాను,” అంది గొంతు తగ్గించి. తప్పు చేసింది గనక బతిమాలుతోందనుకుని నేను ఇంకా గట్టిగా అరిచాను.

వెనక కొబ్బరి కోరడం ఆగింది. పిన్ని మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. “ఇనపడిందేటే? అడిగీవోలున్నారు!” అంది కోడలితో. ఆవిడ మొహం వెలిగిపోతోంది. “రేపు పొద్దున్న రాయే అమ్మీ. నీకోసం నానే పెడతాను.”

నేను ఇంటికొచ్చి, అన్యాయం ఎలా అడగాలో నన్ను చూసి నేర్చుకోమని మా ఆయనకి చెప్పాను కూడా.

మర్నాడు ఆఫీసుకి పోతూ ఆగాను. రెండో డేగిసా పొయ్యి పక్కన ఉంది. పిన్ని స్వయంగా రెండు ఇడ్లీలు పెట్టి, మీద పులుసు పోసి, ఎదురుగా నిలబడింది. మొదటి ముద్దకే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒకటే చేదు. పులుపు లేదు, ఉప్పు లేదు, ఆవ తప్ప ఇంకేమీ లేదు. ఎలాగో మింగాను. బాగుందని చెబుదామనుకుంటూనే నీళ్ళ గ్లాసు అందుకున్నాను. కోడలు పెనం వైపే చూస్తోంది.

పిన్ని నా మొహం చూసింది. డేగిసా దగ్గరికి వెళ్ళి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. మూత తీసుకుని డేగిసా మూసేసింది.

“ఎన్నాళ్ళబట్టే?” అంది కోడలితో.

“నీకా జొరం వొచ్చి తగ్గినప్పట్నుంచి అత్తా. ముక్కుకి వోసన తెలీక, ఇంకాస్త, ఇంకాస్త అని ఏసీదానివి. అందరూ ఆకుల్లో వొదిలేసి ఎల్లిపోయీవోరు. నీకెలా సెప్పాలో తెలీనేదు. అందుకే ఎవుళూ అడగట్నేదన్నాను.”

పిన్ని అరవలేదు, ఏడవలేదు. బల్ల మీద నా పక్కన కూర్చుంది. “జనం నాలికలు మారిపోనాయనుకుని నిబ్బరంగా ఉన్నానే,” అంది నాతో.

ఎవరేది పెడితే అది తిని నోరు మూసుకుని పోయేవాళ్ళంటే నాకు ఎప్పుడూ మంటే. ఆ ఆదివారం పూట కొట్లో ఉన్నవాళ్ళందరూ అలాంటివాళ్ళే, నేను తప్ప. కోడలు ఈరోజుకీ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. పిన్ని మాత్రం నాకు పులుసు పోసిన మర్నాటినుంచి కొబ్బరి కోరడానికి కూడా కొట్లోకి రావడం లేదు.