ఎడమవైపు కూర్చోండి

నా పెళ్ళి ఒక రైలు కిటికీ దగ్గర తప్పిపోబోయిన సంగతి చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నేను గూడ్సు బండి గార్డుని. ఈమధ్య ట్రైన్ మేనేజరు అంటున్నారు గానీ, కూర్చునేది మాత్రం బండి చివరి పెట్టెలోనే. ఉద్యోగం రాయగడలో. పార్వతీపురంలో పెళ్ళిచూపులు బాగానే జరిగాయి. కానీ ఊరు చూశాకే మాటిస్తానంది పెళ్ళికూతురు సరళ.

"మా అన్న ఆఫ్రికాలో ఆక్రాలో ఉంటాడండి. సముద్రం, పడవల రేవు, రంగురంగుల బజారు, అన్నీ రూపాయి కర్సు లేకుండా సూసేసేడట. మీ కాడ అలాటివేటున్నాయి?" అని ఫోన్లో అడిగింది.

వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను పొంగిపోయాను.

"కోరాపుట్ దారిలో లోయుంది. లక్ష్మీపూర్ దాటేక సూడాలి దాన్ని. కిటికీ పక్కన కూకుంటే సాలు" అన్నాను.

ఆదివారం తండ్రీ కూతుళ్ళు దిగారు. తండ్రికి ఈ సంబంధం ససేమిరా ఇష్టం లేదు. "ఆ అడివిలో మా పిల్ల ఏటి సూస్తూ బతుకుతాది?" అని మధ్యవర్తితో ముందే అన్నాడట. ఆయన నోరు మూయించాల్సింది ఇక ఆ లోయే.

కోరాపుట్ వెళ్ళే ప్యాసింజరు బండి ఆగీ ఆగకముందే దూరి, ఎడమవైపు కిటికీల పక్కన రెండు తువ్వాళ్ళు పరిచేశాను. కుడివైపు కిటికీ దగ్గర ఉల్లిపాయల బస్తాతో ఒక పెద్దాయన సర్దుకున్నాడు. పాపం, ఆయనకి ఏమీ కనిపించదే అని జాలిపడ్డాను కూడా.

"ఎడమవైపేనా బాబూ?" అన్నాడు తండ్రి.

"ఏళ్ళ తరబడి సూస్తన్నానండి. కళ్ళు మూసుకుని సెప్తాను."

లక్ష్మీపూర్ దాటింది. ఎడమవైపు కొండ రాయి. సొరంగం. మళ్ళీ రాయి.

"ఇదేనా?" అంది సరళ.

"వస్తాదండి."

"రాయి బాగుంది బాబూ. గట్టిగా ఉంది" అన్నాడు తండ్రి.

ఇంతలో సరళ తల తిప్పింది. కుడి కిటికీలో లోయంతా పరుచుకుని ఉంది. దాని ముందు ఉల్లిపాయల పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ పిల్ల గబగబా వెళ్ళి ఆయన మీదుగా వంగి చూసింది.

"ఆ పచ్చటి పూలేటండి?"

"ఒలిసెలండి, నూనెగింజల పంట" అన్నాను. ఆ రోజు నేను సరిగ్గా చెప్పింది అదొక్కటే.

"నాన్నా, ఇలా రా. ఊళ్ళకి ఊళ్ళు కాళ్ళ కింద ఉన్నాయి."

"బాబు తువ్వాలేసి పట్టిన సీటమ్మా. లేస్తే బాగోదు" అని ఆయన రాయినే చూస్తూ కూర్చున్నాడు.

సరళ నా వైపు వింతగా చూసింది. "మీరు రోజూ ఎక్కడ కూకుని సూసేవోరు?"

"గార్డు పెట్టెలో."

"ఎటు తిరిగి?"

అప్పుడు వెలిగింది నాకు. గార్డు కుర్చీ వెనక్కి తిరిగి ఉంటుంది. పగటిపూట కోరాపుట్ వెళ్ళినన్నాళ్ళూ వెనక్కి తిరిగే చూశాను, లోయ నాకు ఎడమచేతి వైపే ఉండేది. తిరుగు డ్యూటీ రాత్రిళ్ళు పడేది, చీకట్లో ఏ వైపైనా ఒకటే. పట్టాల మీద ఉద్యోగం చేస్తూ ఎడమా కుడీ తెలియనివాణ్ణని తేలిపోయింది. సిగ్గుతో చచ్చాను.

కోరాపుట్‌లో టీ తాగి, సాయంత్రం తిరుగుబండి పట్టుకున్నాం.

"ఇప్పుడెటు బాబూ?" అన్నాడు తండ్రి, చాలా వినయంగా.

"కుడివైపండి. పొద్దున్న కళ్ళారా సూసేం కదా" అని తువ్వాళ్ళు తీశాను.

మీకు అర్థమైపోయింది. నాకు మాత్రం మొదటి రాయి వచ్చేదాకా అర్థం కాలేదు.

"పొద్దుటి రాయే బాబూ ఇది. పలకరిస్తే పలికేలాగుంది" అన్నాడాయన.

సరళ ఏదని చూస్తే, అవతల ఎడమ కిటికీలో చేతిమీద గడ్డం ఆనించుకుని కూర్చునుంది. ఎక్కినప్పుడే అటు వెళ్ళిపోయిందట, నాతో ఒక్క మాటనకుండా.

"ఏటమ్మా, ఈళ్ళకి ఏటి సెప్పమంటావు?" అని తండ్రి అడిగాడు.

ఆ పిల్ల లోయ మీంచి చూపు తిప్పలేదు. "ఊరు బాగుంది. ఒప్పేసుకో నాన్నా. ఈయన్ని ఒక్కణ్ణీ వదిలేస్తే ఎటు పోతాడో."

ఆ రాత్రే పచ్చజెండా చేతబట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక ఎవరికీ ఏ కిటికీ చూపించను. ఎటు కూర్చోవాలని ఎవరైనా అడిగితే మా ఆవిణ్ణి చూపిస్తాను. ఆవిడ ఎటుంటే లోయ అటు.