పనసచెక్క గిటారు

ఈ ఉదయం అరకులో ముసురు. నేను పనిచేసే రిసార్టులో గిటారు వైరు తగిలించగానే, తేమకు స్పీకరు గుర్రుమంది. దాన్ని సరిచేయకుండా కాసేపు వింటూ కూర్చున్నాను. ఆ శబ్దం నేను మొదట విన్నది దానియేలు మాస్టారి వరండాలో. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయనకు నేను చేసిన అన్యాయం గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మాస్టారు మా ఊరి మిషన్ స్కూల్లో మాకు వడ్రంగం నేర్పి రిటైరయ్యారు. కుర్రతనంలో వాల్తేరు రైల్వే కాలనీలో ఒక ఇంజన్ డ్రైవరు బ్లూస్ వాయిస్తుంటే, రోజూ కిటికీ బయట నిలబడి విని నేర్చుకున్నారట. అమెరికాలో నల్లజాతి కూలీలు తమ కష్టాన్ని పాడుకున్న సంగీతమది. కొండ మీదికి ఉద్యోగానికి వచ్చాక పనసచెక్క కోసి, పాత రేడియో మీటలు బిగించి, ఎలక్ట్రిక్ గిటారు సొంతంగా చేసుకున్నారు. చూడ్డానికి అది రొట్టెల పీటకు మెడ మొలిచినట్టుండేది.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఎర్రగా మెరిసే గిటారు కొనుక్కుని, ఆయనకు చూపించడానికి వెళ్ళాను.

"పెళ్ళికొడుకులాగుందిరా! ఏదీ, మాటాడించు," అన్నారు.

నేను వేళ్ళు పరుగెత్తించాను.

"అంత బేగి ఎక్కడికెల్తన్నావు? బస్సేటైనా ఎల్లిపోతందా?"

తన గిటారు తీసి, ఒక్క తీగను వేలితో పక్కకు లాగి మెల్లగా వదిలారు. ఎవరో ఏడ్చి ఏడ్చి ఊపిరి పీల్చుకున్నట్టుంది. విన్నాను కాని, నా కళ్ళు మాత్రం నా గిటారు మెరుపు మీదే ఉన్నాయి.

ఆ ఏడే ఈ రిసార్టు తెరిచారు. ప్రారంభం రోజు బాగా వాయిస్తే ఉద్యోగం ఇస్తానని మేనేజరు అన్నాడు. నాకు అంత రాదని నాకు తెలుసు. మాస్టారిని తెర వెనక కూర్చుని వాయించమని అడిగాను.

"మీ గిటారు చూస్తే జనం నవ్వుతారు మాస్టారూ," అన్నాను.

ఆయన దాన్ని ఒకసారి చేత్తో తడిమారు. "అలాగేలే. నీకు ఉజ్జోగం వస్తాదంటే కూకుంటాను."

వైరు ఎక్కడా తగిలించని ఎర్ర గిటారుతో నేను ముందు నిలబడి వేళ్ళు ఆడించాను. థింసా ఆడటానికి పిలిచిన పక్క ఊరి ఆడవాళ్ళు, నడుముల చుట్టూ చేతులు పెనవేసుకుని ఆ పాటకే అడుగు కలిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు అక్కడే నాకు ఉద్యోగం ఖాయం చేశాడు. ఆడవాళ్ళ వరసను నడిపించిన పెద్దావిడ నా దగ్గరికొచ్చింది.

"ఎనకాలెవులున్నారు బాబూ?"

"ఎవరూ లేరు."

"నువ్వు సెయ్యి తీసి సెమట తుడుసుకున్నావు. మా కాళ్ళు మాత్రం ఆగనేదు మరి!" అని పకపకా నవ్వుకుంటూ పోయింది.

తెర అవతల మాస్టారు గిటారును తువ్వాలులో చుట్టుకుంటున్నారు. నా జవాబు ఆయన విన్నారు. నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

వారం రోజులు ఆ వీధి తప్పించుకుని తిరిగాను. ఉద్యోగంలో చేరే ముందు రోజు ఇక ఉండబట్టలేక వెళ్ళాను. ఆయన బల్ల చిత్రిక పడుతున్నారు.

"ఏటిరా, దారి మర్సిపోనావా?"

తప్పయిపోయిందన్నాను. ఆయన చిత్రిక పక్కన పెట్టారు.

"నవ్వుతారన్నావు, దానికేటి బాద నేదు. నవ్వితే నా పీట అరిగిపోద్దా? ఎవరూ నేరన్నావు సూడు, అది తగిలిందిరా."

నేను తల ఎత్తలేకపోయాను. ఆయన మళ్ళీ చిత్రిక అందుకుంటూ అన్నారు: "ముందెల్లి ఆ మేనేజరుతో నిజం సెప్పు. ఉజ్జోగం పోతే పోనీ. తరవాత రా, ఒక్క తీగ కాడినుంచి మొదలెడదాం."

మేనేజరు నన్ను నానా మాటలూ అన్నాడు. చివరికి, ఆ తెర వెనకాయననే తీసుకురమ్మన్నాడు. మాస్టారు ఒప్పుకున్నారు కాని, వెనకనుంచి తాళం పట్టడానికి నేనుంటేనే వస్తానన్నారు. మొదటి సాయంత్రం ఆ గిటారును చూసి టూరిస్టులు నిజంగానే నవ్వారు.

"రొట్టెలు తరవాత. ముందు పాట," అన్నారాయన. ఇంకా నవ్వారు. మొదటి తీగ మోగాక మాత్రం చేతుల్లో కాఫీ కప్పులు చేతుల్లోనే ఉండిపోయాయి.

ఆయన వెనక ఆరేళ్ళు కూర్చున్నాను. మొదటి ఏడాదంతా తీగల మీద వేళ్ళు నొక్కే పట్లు మూడే మూడు, రోజూ అవే. విసుగు పుట్టిన రోజులున్నాయి కాని, మానేద్దామనిపించిన రోజు ఒక్కటీ లేదు. ఇప్పటికీ ఆయనంత వాయించలేను. నా చేతులకు ఎంత వచ్చో అంతే వినిపిస్తుంది. బాగుందని ఎవరైనా అంటే, అందులో ఏ మలుపు మాస్టారిదో ముందు చెప్పి, ఆ తర్వాతే నమస్కారం పెడతాను.