స్లాబు పోయకముందు

చార్మినార్ దగ్గర బస్సెక్కేటప్పటికి నాకు ఒళ్లు మండిపోతోంది. కట్టబోయే భవనాన్ని గోడలు, బీములు, పైపులతో సహా ముందే కంప్యూటర్లో నిలబెట్టి చూపే సాఫ్ట్‌వేర్ మా ఆఫీసుకు అప్పుడే కొత్తగా వచ్చింది. మేం కడుతున్న ప్రసూతి ఆసుపత్రిలో బాత్రూమ్ పైపు ఒకటి నేరుగా బీములోంచి పోతోందని అందులో ఎర్రగా కనబడింది. సైటుకు వెళ్లి చెబితే ఇంజనీరు మేస్త్రీల ముందే నవ్వాడు.

"వీడియో గేమ్ ఇంటికి పోయి ఆడుకోండ్రి సార్. మస్తుంటది."

పక్క సీట్లో గాజుల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దాయనకు ఇదంతా రెండుసార్లు చెప్పాను.

"స్లాబ్ ఎప్పుడు పోస్తరు భాయ్?" అన్నాడాయన.

"రేపు పొద్దున్నే. పోసుకోనివ్వండి. తర్వాత బీమ్ పగలగొట్టేటప్పుడు నన్నే తలుచుకుంటాడు."

"ఆయన తలుచుకుంటడు, సరే. ఆ బొక్కల నుంచి నీళ్లు కారేది బాలింతల మీద గదా?"

నేను వెనక్కి తిరిగి సైటు వైపు చూశాను. ఆయన పెట్టెను నెత్తిమీదికి ఎత్తుకుని, కదులుతున్న బస్సులో లేచి నిలబడి నాకు దారి ఇచ్చాడు.

"జల్దీ దిగు భాయ్. గాజులు పగిలినయంటే నీతోనే లొల్లి."

మాదన్నపేటలో దిగి వెనక్కి వెళ్లాను. పైపు దారి మార్పించేదాకా సైటులోంచి కదలలేదు.

ఇంజనీరు ఆ రోజు థాంక్స్ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. అది నాకు గుర్తుంది. నెత్తిన గాజులతో ఊగుతూ నిలబడ్డ ఆ పెద్దాయన కూడా గుర్తున్నాడు.