నోరు తెరిస్తే ఆకలేనా

మొప్పలాయనకు ఆ పేరు ఊరికే రాలేదు. చేప మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయో చూసి, నీళ్లు ఎంత వెచ్చబడ్డాయో చెప్పేవాడు. ఆయన వస్తుంటే థర్మామీటరు ముందే సర్దుకుని నిలబడేదని పనివాళ్లు చెప్పుకునేవారు.

ఆయన ప్రాణమంతా నాలుగో తొట్టిలోని తొమ్మిది తల్లిచేపల మీదే. ఎనిమిదేళ్ల పెంపకం. ఒక్కోటి చంటిబిడ్డంత ఉండేది.

షెడ్డు సొంతదారైన మామగారు మంచాన పడ్డాక అది బావమరిది చేతికొచ్చింది. వచ్చీరాగానే హీటర్లు పెంచి, కిటికీలకు తాళాలేసి, తాళంచెవులు జేబులో వేసుకున్నాడు.

"వెచ్చగా ఉంటే గబగబా బలుస్తాయి బావా."

"పిల్లచేపలైతే సరేరా. ఒళ్లు పెరిగినంతగా మొప్ప పెరగదు. నీళ్లు కాగేకొద్దీ వాటిలో గాలి తగ్గుతుంది, చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. ముందు ఊపిరాడనిది పెద్దవాటికే."

"అబ్బ, మళ్లీ మొదలెట్టావా నీ మొప్ప పురాణం!"

మూడోనాడు షెడ్డు తలుపు తీయగానే మొప్పలాయన ముక్కు మూసుకున్నాడు. తొట్టి నిండా జిడ్డు తెట్టె, ఉబ్బి పులిసిన మేత ముద్దలు. తల్లిచేపలు పైకి తేలి నోళ్లు బార్లా తెరుస్తున్నాయి. బావమరిది గుప్పిళ్లతో మేత చల్లుతున్నాడు. అదే చేత్తో బిస్కెట్టు తిని, వేళ్లు నాకాడు.

"చూశావా, ఎంత ఆకలో!"

"ఆకలి కాదురా, ఊపిరి! ఆ మేత కుళ్లితే ఉన్న గాలి కూడా పోతుంది. తాళంచెవులివ్వు."

"ఇవ్వను."

మొప్పలాయన క్షణం ఆలోచించాడు. "సరేలే. పైనున్న హీటరు ఆగినట్టుంది, చూసిరా."

"ఆగిందా!" అంటూ బావమరిది తన బొజ్జను మోసుకుంటూ ఇనుప నిచ్చెన ఎక్కాడు. పైకప్పు కింద ఆవిరి కమ్ముకుని ఉంది. పదో మెట్టు మీద కూలబడ్డాడు. చెమట గడ్డం మీదుగా కారుతుంటే నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

మొప్పలాయన గుప్పెడు మేత తీసుకుని ఎక్కి, ఆ నోటి ముందు పెట్టాడు.

"ఆకలేస్తోందా బాబూ?"

తాళంచెవులు కిందపడ్డాయి.

హీటర్లు ఆపి, కిటికీలు తెరిచి, మేత తోడేసి, చల్లటి నీళ్లు వదిలారు. సాయంత్రానికి ఎనిమిది చేపలు తేరుకుని తొట్టి అడుగుకు దిగాయి. అన్నిటికన్నా పెద్దది దిగలేదు; దాని మొప్పలు ఆడటం లేదు. మొప్పలాయన దాన్ని రెండు చేతులతో పైకెత్తాడు.

బావమరిది ముఖం తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"భలే బలిసింది బావా! ఎంత తూగుతుందంటావ్?"

మొప్పలాయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు.