అంచులు మింగే బ్రౌజర్

నిన్న పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పనికి కూర్చున్నానో లేదో, ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని ఫోన్ చేశారు. గుంటూరు చుట్టుపక్కల మిరపకాయ బస్తాలు దాచే అలాంటి గిడ్డంగులకూ, పత్తి విత్తనాలమ్మే వాళ్లకూ వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని కాబట్టి పొద్దున్నే వచ్చే ఫోన్లు నాకు కొత్త కాదు. "మేడం, రాత్రి ఏందో అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కానండి. అప్పట్నుంచి మన సైట్లో ఎడంపక్క మెనూ కనపట్టల్లేదండి," అన్నారాయన. ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా ముందు ఏ బ్రౌజరని అడుగుతారు. నా నోట్లోంచి మాత్రం "మీరు కళ్లు ఎప్పుడు చూపించుకున్నారండీ?" అన్న మాట వచ్చేసింది. "నేనడిగింది సైటు గురించండీ," అన్నారు మెల్లగా, ఈవిడకేమైనా అయిందేమోనన్న గొంతుతో. తీరా చూస్తే ఆయన బ్రౌజర్‌ను స్క్రీన్‌లో సగానికి కుదించుకుని చూస్తున్నారు. వెడల్పు చేయగానే మెనూ దాని చోట అది ఉంది. ఆయన సంతోషంగా ఫోన్ పెట్టేశారు. నాకు మాత్రం ఆ పూట పని సాగలేదు. ఆ ఫిర్యాదును నేను మొదటిసారి విన్నది మా పెద్దబావ నోట.

పెద్దబావంటే మా అక్క భర్త. చిలకలూరిపేటలో, పురుగుమందుల దుకాణాలు వరసగా ఉండే వీధిలో ఆయనకో డీటీపీ సెంటరుండేది. పెళ్లి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, విత్తనాల కరపత్రాలు, ఊరివాళ్ల సంతోషమూ ఏడుపూ అన్నీ ఆయన కంప్యూటర్ మీదుగానే ప్రెస్సుకు వెళ్లేవి. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను, వచ్చి టైపింగైనా నేర్చుకోమని అక్క పిలిపించింది. ఆ గదిలో ఎప్పుడూ టోనరు వాసన, పక్క కొట్లోంచి వచ్చే మందు వాసన కలిసి ఉండేవి. మాఘమాసం దాటితే వాటన్నిటి మీద ఎండు మిరపకాయల ఘాటు కూర్చునేది. మిరప లోడుతో లారీ ఆ వీధిన పోయిందంటే గదిలో ఉన్న వాళ్లందరం వరసగా తుమ్మేవాళ్లం. శుభలేఖ ప్రూఫు చూసుకోవడానికొచ్చిన పెద్దవాళ్లు తుమ్ము అపశకునమని బయటికి వెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ లోపలికొచ్చేవాళ్లు. వచ్చీరాగానే మళ్లీ తుమ్మేవాళ్లు. మళ్లీ బయటికి. సీజన్లో ఒక్కో శుభలేఖ అచ్చుకు పోవడానికి పూటంతా పట్టేది. పెళ్లే ఆగిపోతుందేమోనని మా అక్క లోపల దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

వెబ్‌సైట్ల పనిలోకి బావను ఎవరూ పిలవలేదు. ఏదో కంప్యూటర్ పత్రిక చూసి తనంతట తనే నేర్చుకున్నారు. బ్రౌజర్ల మీద ఆయనకు ఖచ్చితమైన అభిప్రాయాలుండేవి. కంప్యూటర్‌తోపాటే వచ్చేదాన్ని ఇల్లరికపుటల్లుడు అనేవారు. మనం తెచ్చుకోలేదు, పొమ్మన్నా పోడు, చెప్పిన పని చెయ్యడు. తర్వాత వచ్చి ఊరంతా ఆక్రమించినదాన్ని విస్తరి ముందు నుంచి లేవని మగపెళ్లివారు అనేవారు, మెమరీ ఎంత వడ్డించినా ఇంకా కావాలంటుందని. ఇంకొకటుంది, అది బుద్ధిమంతుడే గానీ ఎవరూ పిల్లనివ్వరట. అయితే ఈ వేళాకోళమంతా పైపైనే. ఆయన పెట్టే అసలు పరీక్ష ఒత్తుల దగ్గరుండేది. శుభలేఖల మనిషి కదా, 'లక్ష్మి' అన్న పేరులో ఒత్తు జారి పక్కకు పడితే కార్డులన్నీ వాపసొస్తాయని ఆయనకు తెలుసు. ఆ రోజుల్లో తెలుగు మాట ఒక కంప్యూటర్లో బాగుండి, ఇంకోదాంట్లో ఒత్తులూడిపోయో, ఖాళీ డబ్బాలుగానో కనపడేది. "తెలుగును బ్రౌజర్ చేతికివ్వకమ్మాయ్. బొమ్మ చేసివ్వు. బొమ్మనైతే అది విరగ్గొట్టలేదు," అనేవారు. అలాగే ప్రతి పేరానూ డీటీపీలో ముచ్చటగా కూర్చి, బొమ్మగా మార్చి, పేజీలో అతికించేవారు. అప్పటికి అది తెలివైన పనే. మాలాంటి వాళ్లు చాలామంది అలాగే చేశారు.

మావైపు రైతు చేలో తెగులు కనపడితే నోటితో చెప్పడు. ఆ మొక్కనే పీకి, తువ్వాల్లో చుట్టుకుని, బస్సెక్కి పురుగుమందుల కొట్టుకు తెస్తాడు. కొట్టాయన ఆకు అటూ ఇటూ తిప్పి చూసి చేతికందిన డబ్బా ఇస్తాడు. అది పనిచేస్తే దేవుడి దయ, చెయ్యకపోతే ఇంకో డబ్బా. ఒకరోజు బావ అలా పారేసిన మిరప కొమ్మనొకదాన్ని ఏరుకొచ్చి స్కానర్ అద్దం మీద పడుకోబెట్టారు. శుభలేఖల మీద పురుగులు పాకుతాయని అక్క గోలపెట్టింది. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయనొకరు రోజూ సాయంత్రం పేపరు చదవడానికి మా గదికొచ్చేవారు. బావ ఆ స్కాన్ ఆయనకు చూపించి, ఇది ఆకు పైకి ముడుచుకునే పైముడతా, కిందికి ముడుచుకునే కిందముడతా, ఏ మందు, ఎంత మోతాదు, ఏ వేళ కొట్టకూడదు, అన్నీ అడిగి రాసుకుని పేజీ చేశారు. కొమ్మ ఒక బొమ్మ, మాటలు ఇంకో బొమ్మ. అలా మిరపకూ పత్తికీ పొగాకుకూ తెగుళ్ల సైటొకటి తయారైంది. కొన్నాళ్లకు రైతులు ముందు మా గదికే రావడం మొదలుపెట్టారు. "ఏందయ్యా, నా కొమ్మను లోపలికెక్కించావా?" అని గుమ్మంలోంచే అరిచేవాళ్లు. తన కొమ్మ కంప్యూటర్లో కనపడితే, సొంత కూతురి పెళ్లి ఫోటో చూసినట్టు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసేవాళ్లు.

నాకు ఈ పనిలో వచ్చినదంతా ఆ గదిలో నేర్చుకున్నదే. మార్పు కనపడకపోతే కోడ్‌ను తిట్టకుండా, ముందు బ్రౌజర్ దాచుకున్న పాత కాపీల క్యాష్ ఖాళీ చెయ్యమనేవారు. ఫైలుకు 'ఫైనల్' అని పేరు పెట్టనిచ్చేవారు కాదు, దాని వెనకే ఇంకో ఫైనల్ వచ్చిద్దని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి, అందుకని వాక్యానికోసారి సేవ్ చెయ్యాల్సిందే. ఇప్పుడు ఎడిటర్ తనంతట తనే దాచుకుంటున్నా నా వేళ్లు ఊరుకోవు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి చెప్పారు. "నీ పేజీని నీ కంప్యూటర్లో చూసుకుని మురిసిపోకు. చేను గట్టు మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, అద్దం పగిలిన ఫోన్లో చూడు." చెప్పి ఊరుకునే మనిషి కాదు. బస్టాండుకు పోయి, బస్సు కోసం కూర్చున్న వాళ్ల ఫోన్లు అడిగి తీసుకుని తన సైటు తెరిచి చూసుకునేవారు. ఒకాయన దొంగనుకుని చొక్కా పట్టుకున్నాడు కూడా.

తర్వాత నేను పెళ్లయి గుంటూరొచ్చాను. పని మాత్రం ఇద్దరం ఫోన్లో పంచుకునేవాళ్లం. ఒక సీజన్లో బావ ఫోన్ చేసి, "ఈ కొత్త అప్‌డేట్ అంచులు మింగుతోందమ్మాయ్. ఎడంపక్క మెనూ సగమే వస్తోంది," అన్నారు. నేనిక్కడ తెరిచి చూస్తే మెనూ నిక్షేపంగా ఉంది. "మీది పాతదై ఉంటుంది బావా, ఇంకోదాంట్లో చూడండి," అన్నాను. ఇంకోదాంట్లో చూశారు. అదీ మింగుతోందన్నారు. బుద్ధిమంతుడు కూడా చెడిపోయాడని విచారించారు. మానిటర్ మార్చారు. కుడిపక్కన మెనూ పెట్టి చూశారు. కొన్నాళ్లకు కుడిపక్క కూడా పోతోందన్నారు. బ్రౌజర్లన్నీ కూడబలుక్కుని తెలుగువాళ్ల మీద పగబట్టాయని ఆయనంటే ఇద్దరం ఫోన్లో నవ్వుకున్నాం. నడుస్తూ నడుస్తూ గుమ్మానికి భుజం కొట్టుకుంటున్నారని అక్క చెప్పింది. వీధిలో సైకిలుకు అడ్డం పోయారని చెప్పింది. దేన్నీ దేనితోనూ కలిపి చూసుకోవడం మాకెవరికీ తోచలేదు. కళ్లు మసకంటే, మిరప సీజన్లో మావైపు ఎవరి కళ్లు బాగుంటాయి? "కారం పడిందిలే," అనేవారాయన. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు రెండు కళ్లలోనూ వేసుకునేవారు. మంట ఠక్కున తగ్గేది. ఏటా సీజన్ పొడుగునా అవే చుక్కలు.

ఆ చుక్కలు వేసినా మసక తగ్గకపోయేసరికి గుంటూరు కంటి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ చాలాసేపు చూసి, "ఈ చుక్కలు ఎవరు రాసిచ్చారండీ?" అనడిగింది. ఎవరూ రాయలేదన్నారు బావ. ఎన్నేళ్లుగా వేస్తున్నారో చెప్పగానే ఆమె సీసా బల్ల మీద పెట్టేసింది. నీటికాసులు, లోపల ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి తినుకుంటూ వచ్చింది, స్టెరాయిడ్ కలిసిన ఈ చుక్కలే దానికి దారి చేసి ఉంటాయి, పోయినది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూద్దాం అంది. కొట్టాయన చేతికందిన డబ్బా వాడొద్దని ఊరూవాడా చెప్పిన మనిషి తన కంట్లో మాత్రం షాపువాడి చేతికందిన సీసా పోసుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బావ మాత్రం ఆటోలో కూర్చున్నాక, "అయితే బ్రౌజర్ తప్పేం లేదన్నమాట," అన్నారు.

ఉన్నది కూడా నిలబడలేదు. వెలుతురు తప్ప ఏమీ తెలియని స్థితికొచ్చాక, స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివే సదుపాయాన్ని ఆయన ఫోన్లో నేనే పెట్టాను. వార్తలు చదివించుకున్నారు, వాతావరణం చదివించుకున్నారు. చంటిపిల్లాడిలా మురిసిపోయారు. "మన సైటు తెరువు," అన్నారు. తెరిచాను. ఫోను గొంతు సవరించుకున్నట్టు ఒక క్షణం ఆగి, "ఇమేజ్" అంది. ఆయన వేలితో కిందికి జరిపారు. "ఇమేజ్." మళ్లీ జరిపారు. "ఇమేజ్. ఇమేజ్." ఎంత కిందికి పోయినా అదే మాట. అక్షరం విరగకూడదని అంత శ్రద్ధగా పోత పోసిన మాటలేవీ దానికి మాటలు కావు. బావ ఫోన్ ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నారు. వంటింట్లో అక్క పోపు వేస్తుంటే ఆ ఘాటుకు ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. చూపు పోయినా కళ్లు మండటం పోలేదు.

ఆ బొమ్మలన్నిటినీ అక్షరాలు చేసిపెడతానని మాటిచ్చాను. బొమ్మలోంచి మాటలు లాగే సాధనాలిప్పుడున్నాయి, వాటితో మొదలుపెట్టాను. అవి మాటలు చాలావరకు బాగానే లాగాయి గానీ, మందు మోతాదుల దగ్గర అంకెలు అటూ ఇటూ చేశాయి. అది విని బావ ఆ పని అక్కడే ఆపించేశారు. "తప్పు మోతాదు పెడితే చేను మాడిపోయిద్దమ్మాయ్. మిషన్ను నమ్మొద్దు." కాబట్టి ప్రతి పేజీనీ నా చేత్తోనే మళ్లీ టైపు చేశాను. పనయ్యాక రోజూ సాయంత్రం కాసిని, పండగ సెలవుల్లో ఇంకాసిని. ఏళ్లు పట్టింది. ఈలోగా రైతులు ఫోన్లో వీడియోలకు అలవాటుపడ్డారు. సైటుకు వచ్చేవాళ్లు లేరని నాకు కనపడుతూనే ఉంది, ఆయనకు చెప్పలేదు. ఆయన కోసం చేస్తున్నాను, ఆయన విన్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో చూడాలని చేస్తున్నాను.

చివరి పేజీ పూర్తయ్యాక చిలకలూరిపేట వెళ్లాను. ఫోను మిరప తామరపురుగు పేజీని మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా చదివింది. బావ తలూపుతూ విన్నారు. అప్పట్లో వ్యవసాయ శాఖ పెద్దాయన చెప్పి రాయించిన మాటలు వచ్చినప్పుడు ఒకచోట నవ్వారు కూడా. అంతలో పక్క ఊరి రైతొకాయన, బావకు పాత పరిచయం, పలకరించడానికొచ్చి గుమ్మంలోనే నిలబడి అదంతా విన్నాడు. "ఆ మందు అమ్మడం ఆపేసి చాలా కాలమైందిగదయ్యా. ఇప్పుడొచ్చేది ఆ పురుగు కూడా కాదు. నల్లది. పూతలో దూరి కూర్చుంటది. దేనికీ చావట్లేదు. మా చేను మొత్తం దున్నేశా," అన్నాడు. అతనిలో ఎగతాళి లేదు, చెప్పుకోవడానికి వచ్చాడంతే. బావ అతని పంట గురించి, ఇంట్లోవాళ్ల గురించి అన్నీ అడిగారు, కాఫీ తాగించి పంపించారు. అతను వెళ్లాక, "తీసెయ్ అమ్మాయ్," అన్నారు.

"ఏం తియ్యాలి బావా?"

"సైటు. ఇప్పటి పురుగుకు దాంట్లో జవాబు లేదు. ఎవరైనా నమ్మి పాత మందు కొట్టారంటే ఆ పాపం మనది."

కొత్త పేజీలు చేద్దామన్నాను, తెలిసినవాళ్లను అడుగుదామన్నాను. ఆయన నా చేతిని తడిమి పట్టుకుని పక్కనున్న తన పాత కంప్యూటర్ మౌస్ మీద పెట్టారు. అక్క గడపలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మొత్తం ఎంచుకుని తీసేయమని నొక్కాను. తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. "ఏమంటోంది?" అనడిగారు. "ఖచ్చితంగా తీసేయాలా అని అడుగుతోంది బావా," అన్నాను. "అడగడం మర్యాద. అవునను," అన్నారు. నేను అవునన్నాను. పేజీలు తీసేయడానికి బ్రౌజరైనా ఒకసారి ఆగి అడిగింది. ఆయన చూపు తీసుకుపోయేటప్పుడు గానీ, ఆయన బతుకంతా చేసిన పనిని పనికిరాకుండా చేసేటప్పుడు గానీ, కాలం ఆయన్ను ఒక్క మాటా అడగలేదు.